రిపోర్టులో "సీడీఎక్స్2 పాజిటివ్" అని ఉంది: గడ్డ లివర్‌లో ఉంటే పేగు పేరు ఎందుకు?

గోస్తని | సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు.

మా మేనమామకి 58 ఏళ్లు. విజయనగరం దగ్గర పల్లెలో ఉంటారు. రెండు నెలలుగా సరిగా తినడం లేదు, మనిషి బాగా చిక్కిపోయారు. స్కాన్ తీయిస్తే లివర్‌లో మూడు మచ్చలు కనబడ్డాయి. సూదితో ముక్క తీసి పంపారు. ఈరోజు రిపోర్టు వచ్చింది. "అడినోకార్సినోమా" అని రాసి, కింద "సీకే7 నెగటివ్, సీకే20 పాజిటివ్, సీడీఎక్స్2 పాజిటివ్, పెద్ద పేగు నుంచి వచ్చినదిగా అనిపిస్తోంది, కొలనోస్కోపీ చేయించగలరు" అని ఉంది.

డాక్టరు గారి దగ్గర దొరికింది నాలుగు నిమిషాలు. "పేగులో మొదలైంది, లివర్‌కి పాకింది" అన్నారు. ఆయనకి కడుపులో నొప్పి లేదు, విరేచనంలో రక్తం లేదు. పేగుని ఎవరూ చూడలేదు కూడా. లివర్‌లోంచి తీసిన ఇంత ముక్కని చూసి ఇది పేగుదని ఎలా చెప్పగలిగారు? ఈ సీడీఎక్స్2 ఏమిటి? గూగుల్ చేస్తే "ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్" అని వస్తోంది, అంతకంటే ఏమీ అర్థం కాలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టక రాస్తున్నాను.

గాజుపలక | సోమవారం, రాత్రి 11:25

గోస్తని గారూ, నేను పాథాలజిస్టుని. ఇలాంటి రిపోర్టులు రాయడమే నా పని. మీ మామయ్య స్లైడ్ నేను చూడలేదు కాబట్టి ఆయన జబ్బు గురించి తీర్పు చెప్పను. ఆ మూడు పేర్ల సంగతి మాత్రం చెప్తాను.

ముక్కని మైనంలో పెట్టి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి గాజు పలక మీద పరుస్తాం. మామూలు రంగు వేస్తే క్యాన్సర్ అని తెలుస్తుంది, గ్రంథుల ఆకారంలో ఉంటే అడినోకార్సినోమా అంటాం. అది ఏ అవయవం నుంచి వచ్చిందో ఆ రంగుతో చాలాసార్లు తేలదు. పేగు, క్లోమం, పొట్ట, పిత్తనాళం, ఊపిరితిత్తి, వీటిలో పుట్టినవన్నీ లివర్‌లో చేరాక దాదాపు ఒకేలా కనబడతాయి. అందుకని ఒక్కో ప్రొటీన్‌కి మాత్రమే అతుక్కునే యాంటీబాడీలు పోసి చూస్తాం. ఆ ప్రొటీన్ ఉంటే గోధుమరంగు వస్తుంది. దీన్నే ఐహెచ్‌సీ అంటారు.

సీకే7, సీకే20 కణం ఒంట్లో ఉండే దారాల్లాంటివి, వాటి రంగు కణం శరీరంలో కనబడుతుంది. సీడీఎక్స్2 అలా కాదు. దాని రంగు సరిగ్గా కేంద్రకంలో పడుతుంది, అంటే డీఎన్ఏ ఉన్న గదిలో. ఆరోగ్యంగా ఉన్న లివర్ కణంలో అది ఉండదు. పేగు లోపలి పొరలో పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఉంటుంది. లివర్‌లో ఉన్న గడ్డ కణాల కేంద్రకాలు గోధుమరంగుకి తిరిగాయంటే, ఆ కణం ఇల్లు మారినా ఇంటిపేరు మార్చుకోలేదన్నమాట.

లివర్‌కే ఎందుకు పాకింది అంటే, పేగు నుంచి వచ్చే రక్తంలో ఎక్కువ భాగం పోర్టల్ సిర ద్వారా ముందు లివర్‌కే చేరుతుంది. దారిలో మొదటి మజిలీ అదే. నొప్పి, రక్తం లేకపోవడం కూడా వింత కాదు.

ఒక జాగ్రత్త. సీడీఎక్స్2 పాజిటివ్ అయినవన్నీ పెద్ద పేగువి కావు. పొట్ట, క్లోమం, పిత్తనాళం, అండాశయంలో వచ్చే కొన్ని గడ్డల్లోనూ కనబడుతుంది. అందుకే మీ రిపోర్టులో "అనిపిస్తోంది" అని రాశారు. ఆ మాట మాకు చాలా ముఖ్యం. కొలనోస్కోపీ వాయిదా వేయకండి.

అల్లంమురబ్బా | మంగళవారం, ఉదయం 6:10

భయపడకండి. పసుపులో ఉండే కుర్కుమిన్ ఈ ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లనే కట్టడి చేస్తుందని చదివాను. పరగడుపున వేడినీళ్లలో...

గాజుపలక | మంగళవారం, ఉదయం 7:02

అల్లంమురబ్బా గారూ, గిన్నెలో పెంచిన కణాల మీద కుర్కుమిన్ పోస్తే చాలా జరుగుతాయి, నిజమే. మనం మింగిన పసుపులోంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ. కూరలో వేసుకోండి, ఎవరూ కాదనరు. ఆ పేరుతో కొలనోస్కోపీ ఒక్క వారం ఆలస్యమైనా నేను ఊరుకోను.

జువాలజీ మాస్టారు | మంగళవారం, ఉదయం 8:30

గాజుపలకమ్మ చాలా చక్కగా చెప్పింది. నేను తెనాలిలో ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పి రిటైరయ్యాను. మా సిలబస్‌లో డీఎన్ఏ నుంచి ఆర్‌ఎన్ఏ, ఆర్‌ఎన్ఏ నుంచి ప్రొటీన్ అని చెప్పి వదిలేసేవాళ్లం. ఏ కణంలో ఏ జన్యువు చదవాలో ఎవరు చెప్తారని ఏ పిల్లాడైనా అడిగితే "అది పై క్లాసుల్లో" అని తప్పించుకునేవాణ్ణి. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుందామని అడుగుతున్నాను. ఎవరైనా మొదటి నుంచి చెప్పగలరా?

పైపెట్_పంతులు | మంగళవారం, మధ్యాహ్నం 1:45

మాస్టారూ, నేను ప్రయత్నిస్తాను. నెదర్లాండ్స్‌లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక చేసే పరిశోధన) చేస్తున్నాను. పేగు కణాలతోనే నా పగలూ రాత్రీ.

ఉగాదికి అందరూ పంచాంగం కొంటారు. ఊరంతా అదే పుస్తకం. కానీ పెళ్లీడు పిల్ల ఉన్న ఇంట్లో ముహూర్తాల పేజీ నలిగిపోతుంది, రైతు ఇంట్లో కార్తెల పేజీ, మా అమ్మమ్మ ఇంట్లో ఏకాదశులూ గ్రహణాలూ. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ అవే 20 వేల జన్యువులు. లివర్ కణం లివర్‌గా, పేగు కణం పేగుగా ఉండేది పుస్తకంలో తేడా వల్ల కాదు, ఏ పేజీలు తెరిచి ఉన్నాయన్నదాని వల్ల. ఆ పేజీలు తెరిచే ప్రొటీన్లే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు. మనిషిలో ఇవి సుమారు 1,600 రకాలు. ఒక్కోటీ డీఎన్ఏ మీద కొన్ని అక్షరాల చిన్న వరసని గుర్తుపట్టి, అక్కడ కూర్చుని, చదివే యంత్రాన్ని పిలుస్తుంది. కొన్ని పిలవకుండా అడ్డం కూడా పడతాయి.

పేగుకి సంబంధించి పెద్ద పూజారి సీడీఎక్స్2. ఈగలో "కాడల్" అనే జన్యువుకి ఇది చుట్టం. ఈగ పిండంలో వెనక భాగం ఏదో తేల్చేది కాడల్. మనలో జీర్ణనాళంలో వెనక భాగమైన పేగుకి సీడీఎక్స్2.

ఇది ఎంత గట్టిదో 1997లో నేచర్ పత్రికలో వచ్చిన ఎలుకల ప్రయోగం చూస్తే తెలుస్తుంది. ఈ జన్యువుకి ఉండే రెండు ప్రతుల్లో ఒకటి పాడుచేశారు. (రెండూ పాడైతే పిండం గర్భాశయంలో అతుక్కునే దశలోనే పోతుంది.) ఒక ప్రతితో పుట్టిన ఎలుకలకి పెద్ద పేగు మొదట్లో చిన్న చిన్న బుడిపెలు వచ్చాయి. వాటిని కోసి చూస్తే లోపల ఉన్నది పేగు పొర కాదు, ఎలుక అన్నవాహికలోనూ పొట్ట ముందు భాగంలోనూ ఉండే చర్మం లాంటి పొర! పేగు మధ్యలో గొంతు కింది పొర మొలిచింది.

నాకు ఇంకా నచ్చేది తర్వాత తేలిన సంగతి. ఆ పొట్ట ముక్కకీ చుట్టూ ఉన్న పేగుకీ మధ్య ఖాళీ ఊరికే లేదు. పొట్ట మధ్య భాగం పొర, పొట్ట చివరి భాగం పొర, చిన్న పేగు పొర వరసగా వచ్చి అంతరాన్ని పూడ్చాయి. రైలు మార్గంలో స్టేషన్లు ఏ వరసలో ఉండాలో ఆ వరసలోనే. మొదటిసారి ఆ ఫొటో చూసినప్పుడు కాసేపు కాఫీ తాగడం మర్చిపోయాను.

జువాలజీ మాస్టారు | మంగళవారం, మధ్యాహ్నం 3:10

అద్భుతం నాయనా. మరి తిరగేసి చేస్తే? పొట్టలో సీడీఎక్స్2ని పెడితే?

పైపెట్_పంతులు | మంగళవారం, మధ్యాహ్నం 3:52

చేశారండీ. 2002లో రెండు బృందాలు విడివిడిగా ఎలుక పొట్టలో సీడీఎక్స్2ని బలవంతంగా పలికించాయి, అంటే ఆ జన్యువు పేజీ తెరిపించాయి. పొట్ట పొర పేగు పొరలా మారిపోయింది, జిగురు కార్చే గోబ్లెట్ కణాలతో సహా. ఆ ఎలుకల్లో కొన్నిటిని చాలాకాలం ఉంచితే పొట్టలో క్యాన్సర్ కూడా వచ్చింది.

ఇది ఎలుకల ముచ్చట కాదు. హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియాతో ఏళ్ల తరబడి పొట్ట వాచిపోయిన మనుషుల్లోనూ అక్కడక్కడా పేగు లాంటి పొర వస్తుంది. ఎండోస్కోపీ రిపోర్టుల్లో "ఇంటెస్టినల్ మెటాప్లేసియా" అని చూసే ఉంటారు. ఆ చోట్ల సీడీఎక్స్2 పలుకుతూ కనబడుతుంది. యాసిడ్ పైకి తన్నడం వల్ల అన్నవాహిక కింది భాగంలో వచ్చే బారెట్స్ అనే మార్పులోనూ అదే కథ.

లూప్_లోపల | మంగళవారం, రాత్రి 9:15

డల్లాస్ నుంచి. నేను కోడు రాసుకునేవాణ్ణి, బయాలజీ పదో క్లాసుతో ఆఖరు. ఒక సందేహం. క్యాన్సర్ అంటే కణం దారితప్పడం కదా. సీడీఎక్స్2 పేగు కణాన్ని మంచి పేగు కణంగా ఉంచే ఫ్యాక్టర్ అయితే, క్యాన్సర్ అయ్యాక కూడా అది ఎందుకు ఉంది? గోస్తని గారి మామయ్య రిపోర్టులో పాజిటివ్ అనే ఉందిగా. పోలీసు స్టేషన్‌లోనే దొంగతనం అన్నమాట?

పైపెట్_పంతులు | బుధవారం, మధ్యాహ్నం 12:30

మంచి ప్రశ్న వేశారు. దీనికి పేగు ఎలా బతుకుతుందో కాస్త చెప్పాలి. కొంచెం పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

పేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజులకోసారి మొత్తం కొత్తదవుతుంది. ఒంట్లో ఇంత త్వరగా మారే పొరలు తక్కువ. పొరలో లక్షల కొద్దీ చిన్న గుంటలుంటాయి, క్రిప్ట్‌లు అంటారు. దిగుడుబావి ఊహించుకోండి. అడుగున మూలకణాలు. అవి విభజన చెందుతుంటే పిల్ల కణాలు మెట్టు మెట్టూ పైకి జరుగుతాయి, జరుగుతూ పని నేర్చుకుంటాయి. పైకి చేరాక రాలిపోతాయి. తిరుమల క్యూలో లాగా వెనక నుంచి తోపు, ముందు నుంచి ఖాళీ.

అడుగున ఉన్నంతసేపు "ఇంకా విభజించు" అనే కబురు అందుతూ ఉంటుంది. ఆ కబురు పేరు వింట్. అది అందినప్పుడు బీటా కాటెనిన్ అనే ప్రొటీన్ కేంద్రకంలోకి వెళ్లి టీసీఎఫ్4 అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ వీపెక్కుతుంది. ఇద్దరూ కలిసి మిక్ లాంటి జన్యువుల్ని తెరుస్తారు, కణం విభజన చెందుతుంది. రెండు మెట్లు ఎక్కగానే కబురు అందదు. అప్పుడు ఏపీసీ అనే ప్రొటీన్, దాని జట్టు కలిసి బీటా కాటెనిన్‌ని ఎప్పటికప్పుడు ముక్కలు చేయిస్తాయి. టీసీఎఫ్4 ఒంటరిదై కూర్చుంటుంది, విభజన ఆగుతుంది.

మా నాన్నది వ్యవసాయం కాబట్టి నాకు మోటారు పోలికే వస్తుంది. వింట్ కరెంటు, టీసీఎఫ్4 స్టార్టరు, మిక్ మోటారు. మడి తడిశాక వచ్చి ఆపేసే మనిషి ఏపీసీ. పెద్ద పేగు క్యాన్సర్లలో సుమారు 80 శాతంలో పాడైపోయేది ఈ ఏపీసీ జన్యువే. అంటే స్టార్టరుని డైరెక్ట్ చేసేశారన్నమాట. మోటారు ఆగదు. కణం మెట్లెక్కినా ఇంకా బావి అడుగునే ఉన్నాననుకుంటుంది. 1997లో క్లెవర్స్, వోగెల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తల బృందాలు ఏపీసీ పోయిన క్యాన్సర్ కణాల్లో ఈ జంట ఆగకుండా పనిచేస్తోందని చూపించాయి. తర్వాతి ఏడాది ఈ జంట తెరిచే జన్యువుల్లో మిక్ ఒకటని తేలింది.

ఇప్పుడు మీ ప్రశ్నకి. ఏపీసీ పోయిన పేగు కణం కొత్త జంతువు కాదు. పేగు మూలకణం రోజూ చేసే పనినే ఆపకుండా చేస్తోంది, అంతే. వాడుతున్నది పేగు సామానే, తెరిచినవి పేగు పంచాంగంలో పేజీలే. కాబట్టి సీడీఎక్స్2 అక్కడ ఉండటం వింత కాదు. దొంగ బయటి నుంచి రాలేదు, ఇంట్లోనే పుట్టాడు.

లూప్_లోపల | బుధవారం, రాత్రి 8:05

ఓహో. అయితే టీసీఎఫ్4ని ఆపేసే మందు వేస్తే పోతుందిగా! ఇన్నేళ్లు ఏం చేస్తున్నారు?

పైపెట్_పంతులు | బుధవారం, రాత్రి 11:20

1998లో టీసీఎఫ్4 అసలు లేని ఎలుకల్ని పుట్టించారు. వాటి చిన్న పేగులో మూలకణాల జాగా ఖాళీ. పుట్టిన కొద్దిసేపటికే చచ్చిపోయాయి. క్యాన్సర్‌కీ మామూలు పేగుకీ స్టార్టరు ఒకటే, అదీ చిక్కు. వింట్‌ని తగ్గించే మందులు కొన్ని వచ్చాయి. పేగుకి, ఎముకకి ఆ దెబ్బ తగలకుండా చూడటమే కష్టమవుతోంది.

రెండో చిక్కు ఆకారానిది. చాలా మందులు ప్రొటీన్‌లో ఉన్న గుంటలో దూరి బిరడాలా కూర్చుంటాయి. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లలో చాలావాటికి అలాంటి గుంట ఉండదు. డీఎన్ఏని, తోటి ప్రొటీన్లని పట్టుకునే చదునైన, వెడల్పాటి ముఖాలే ఎక్కువ. గోడకి బిరడా పెట్టలేం కదా.

అసాధ్యం అని మాత్రం అనను. హార్మోన్‌ని పట్టుకునే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లకి గుంట ఉంటుంది, ఈస్ట్రోజెన్ రిసెప్టర్ మీద టామోక్సిఫెన్ పనిచేసేది అందుకే. హిఫ్2 ఆల్ఫా అనే ఇంకో ఫ్యాక్టర్ లోపల చిన్న గుంట దొరికింది, దాని మీద పనిచేసే బెల్జుటిఫాన్ అనే మందుకి అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది. అది పేగు కోసం కాదు.

ఏపీసీ గురించి ఒక ఊరట కబురు. 2015లో, ఎలుకల్లో ఏపీసీని తాత్కాలికంగా అణిచి పేగులో గడ్డలు తెప్పించి, తర్వాత మళ్లీ వదిలేశారు. గడ్డ కణాలు విభజన మాని, పని నేర్చుకుని, మామూలు క్రిప్ట్‌లుగా సర్దుకున్నాయి. ఇంకా రెండు పెద్ద జన్యువులు పాడై ఉన్నా సరే. మనుషుల్లో ఏపీసీని తిరిగి పెట్టే దారి ఇంకా లేదు. కానీ ఇల్లు మర్చిపోని కణాన్ని ఇంటికి తేవచ్చని అర్థమైంది.

జువాలజీ మాస్టారు | గురువారం, ఉదయం 7:40

నిన్న టీసీఎఫ్4 అని వెతికితే మెదడు ఎదుగుదలకి సంబంధించిన వేరే జన్యువు వచ్చింది. తికమకపడ్డాను.

పైపెట్_పంతులు | గురువారం, మధ్యాహ్నం 1:00

క్షమించండి మాస్టారూ, మా వాళ్ల బద్ధకం అది. పేగు వాళ్లు టీసీఎఫ్4 అని పిలిచేదాని అధికారిక పేరు టీసీఎఫ్7ఎల్2. టీసీఎఫ్4 అనే అధికారిక పేరు ఇంకో జన్యువుకి ఉంది. టీసీఎఫ్7ఎల్2 అని కొడితే ఇంకో చుట్టరికం బయటపడుతుంది. మన ఇళ్లలో ఉండే షుగర్, అంటే టైప్ 2 డయాబెటిస్‌తో బలంగా ముడిపడ్డ జన్యు తేడాల్లో ముఖ్యమైనది ఈ జన్యువులోనే ఉంది.

కృష్ణలంక కుర్రాడు | గురువారం, రాత్రి 9:50

ఈ చర్చ చదువుతూ మా నాన్నగారి ఫైలు తీశాను. పోయిన ఏడాది పెద్ద పేగుకి ఆపరేషన్ అయింది. స్టేజ్ 2. కీమో అక్కర్లేదన్నారు. ఇప్పుడు బానే ఉన్నారు. ఒక వ్యాసంలో సీడీఎక్స్2 లేకపోతే ప్రమాదం ఎక్కువని చూసి గుండె జారింది. మా ఫైల్లో ఎక్కడా ఆ పేరు లేదు. లేదంటే నెగటివ్ అనా?

గాజుపలక | గురువారం, రాత్రి 10:30

కుర్రాడు గారూ, ముందు ఊపిరి పీల్చుకోండి. ఫైల్లో లేదంటే పరీక్ష చేయలేదని అర్థం, నెగటివ్ అని కాదు. పేగు ఆపరేషన్‌లో గడ్డ పేగులోనే దొరికినప్పుడు అది ఎక్కడిదని అడగాల్సిన పని లేదు, అందుకని చాలా చోట్ల సీడీఎక్స్2 వేయరు.

మీరు చూసింది 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం అయ్యుంటుంది. సీడీఎక్స్2 లేని గడ్డలు తక్కువ మందిలోనే దొరికాయి, మొదటి 466 మందిలో 32 మందికి. వాళ్లలో ఐదేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు 41 శాతం, సీడీఎక్స్2 ఉన్నవాళ్లలో 74 శాతం. స్టేజ్ 2లో సీడీఎక్స్2 లేనివాళ్లని విడిగా చూస్తే, కీమో తీసుకున్న 23 మందిలో 91 శాతం, తీసుకోని 25 మందిలో 56 శాతం జబ్బు లేకుండా ఉన్నారు.

ఈ అంకెలు చూసి ఇంటికెళ్లి కీమో అడగకండి. 23, 25 అంటే చాలా చిన్న గుంపులు. పైగా ఎవరికి కీమో ఇవ్వాలో చీటీ తీసి పంచిన ప్రయోగం కాదది, పాత రికార్డులు చూసి లెక్కకట్టింది. మా డాక్టర్ల మధ్య ఇప్పటికీ దీని మీద వాదన ఉంది. అడగాలనుకుంటే మీ ఆంకాలజిస్టుని రెండు అడగండి: మిస్‌మ్యాచ్ రిపేర్ పరీక్ష (డీఎన్ఏ అచ్చుతప్పులు దిద్దే వ్యవస్థ బాగుందా అని చూసేది) అయిందా, పాత బ్లాక్ (గడ్డ ముక్కని దాచిన మైనం) మీద సీడీఎక్స్2 వేయించడం వల్ల ఇప్పుడు ఉపయోగం ఉందా అని. ఆపరేషన్ అయి ఏడాది దాటింది కాబట్టి రెండోదానికి "లేదు" అనే జవాబు రావచ్చు.

లూప్_లోపల | శుక్రవారం, ఉదయం 5:30

ఆగండి. మొన్న పంతులు గారు క్యాన్సర్‌లో సీడీఎక్స్2 ఉండటం సహజం అన్నారు. ఇప్పుడు మేడమ్ అది లేకపోతేనే చెడ్డది అంటున్నారు. మరి అది మంచిదా చెడ్డదా?

పైపెట్_పంతులు | శుక్రవారం, మధ్యాహ్నం 2:15

మా రంగంలోనూ దీని మీద కొట్లాట ఉంది. ఒక పక్క, ఏపీసీ పాడైన ఎలుకల్లో సీడీఎక్స్2 ఒక ప్రతి కూడా తీసేస్తే పెద్ద పేగులో గడ్డలు బాగా పెరిగాయి. అంటే అది కాపలాదారు. ఇంకో పక్క, 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో కొన్ని పేగు క్యాన్సర్లలో సీడీఎక్స్2 జన్యువు ఎక్కువ ప్రతులుగా పేరుకుని ఉంది. దాన్ని తగ్గిస్తే ఆ కణాలు సరిగా పెరగలేకపోయాయి. అంటే వాటికి అది అన్నం పెట్టే చెయ్యి.

నా అభిప్రాయం చెప్తాను, ఒప్పుకోకపోయినా పర్లేదు. మంచీ చెడ్డా అనే ప్రశ్నే ఇక్కడ సరిపోదు. సీడీఎక్స్2 చెప్పేది "నువ్వు పేగువి" అని మాత్రమే. వింట్ మార్గం మీద బతికే గడ్డకి పేగుగా ఉండటం అవసరం, కాబట్టి ఉంచుకుంటుంది. బీరాఫ్ అనే జన్యువు పాడై ఇంకో దారిలో వచ్చే గడ్డలున్నాయి, ఎక్కువగా కుడివైపు పేగులో. వాటిలో సీడీఎక్స్2 పోవడం ఎక్కువగా చూస్తాం. జన్యువు విరిగిపోయి కాదు, పేజీ మూసుకుపోయి. అలా ఇంటిపేరు మర్చిపోయిన కణం పని నేర్చుకోదు, ఎటైనా పోతుంది.

సీడీఎక్స్2 ఒక్కటే రాజ్యం ఏలుతుందని కూడా అనుకోకండి. హెచ్‌ఎన్‌ఎఫ్4 జట్టు లేకపోతే పోషకాలు పీల్చే కణాలు తయారుకావు. గాటా4 తీసేస్తే చిన్న పేగు మధ్య భాగం చివరి భాగంలా ప్రవర్తిస్తుంది, పిత్త లవణాల్ని పీల్చుకోవడం అక్కడే మొదలెడుతుంది. ఏటీఓహెచ్1 ఉన్న కణం జిగురు కారుస్తుంది, హెస్1 దాన్ని అణిచిన కణం ఆహారం పీలుస్తుంది. నాచ్ అనే కబురు ఈ రెండోదాన్ని నిలబెడుతుంది. నాచ్‌ని ఆపే మందు ఇస్తే ఎలుకల పేగంతా జిగురు కణాలతో నిండిపోయింది.

అల్లంమురబ్బా | శుక్రవారం, సాయంత్రం 6:20

నా పసుపు సంగతి వదిలేయండి, ఒప్పుకున్నాను. వేరే సందేహం. మా ఇంట్లో నేను పాలు తాగితే కడుపు ఉబ్బరం, మా ఆవిడ లీటరు తాగినా ఏం కాదు. దీనికీ ఈ ఫ్యాక్టర్లకీ ఏమైనా సంబంధం ఉందా?

పైపెట్_పంతులు | శుక్రవారం, రాత్రి 10:40

సరిగ్గా ఇక్కడికే వచ్చారు! పాలలో చక్కెరని విడగొట్టే లాక్టేజ్ జన్యువు పసిపిల్లలందరి చిన్న పేగులోనూ పనిచేస్తుంది, పెద్దయ్యే కొద్దీ చాలామందిలో మూసుకుపోతుంది. కొందరిలో మూసుకోదు. తేడా ఆ జన్యువులో లేదు. దానికి సుమారు 14 వేల అక్షరాల దూరంలో, పక్కింటి జన్యువు మధ్యలో, ఒకే ఒక్క అక్షరంలో ఉంది. ఫిన్లాండ్ వాళ్లు 2002లో కనిపెట్టారు. 'సీ' ఉండాల్సిన చోట 'టీ' ఉంటే ఓసీటీ1 అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ అక్కడ గట్టిగా అతుక్కుంటుంది, లాక్టేజ్ పేజీ మూతపడదు. మన దేశంలోనూ అదే అక్షరం దొరికింది, ఉత్తరాన ఎక్కువ, దక్షిణాన తక్కువ. మీకు పెరుగు పడుతుంటే అదే తినండి, బ్యాక్టీరియా కొంత పని ముందే చేసి పెడుతుంది.

క్యాన్సర్‌లోనూ సరిగ్గా ఇలాంటిదే ఉంది. మిక్ జన్యువుకి 3 లక్షల 35 వేల అక్షరాల దూరంలో ఒక చిన్న డీఎన్ఏ ముక్క. అక్కడ 'జీ' ఉన్నవాళ్లలో టీసీఎఫ్4 కాస్త గట్టిగా అతుక్కుంటుంది, పెద్ద పేగు క్యాన్సర్ వచ్చే అవకాశం కొద్దిగా పెరుగుతుంది. కొద్దిగానే, కంగారు పడి పరీక్షలకి పరిగెత్తకండి. స్టార్టరు ఊళ్లో, మోటారు పొలంలో ఉన్నట్టు. డీఎన్ఏ ఉచ్చులా మడత పడి రెంటినీ దగ్గరికి తెస్తుంది. ఎలుకల్లో ఆ ముక్కని మొత్తం కోసేస్తే ఎలుకలు హాయిగా బతికాయి, గడ్డలు తగ్గాయి.

మోడరేటర్ | శుక్రవారం, రాత్రి 11:05

పాలు, పెరుగు మీద ఇప్పటికే నాలుగు సందేశాలు తొలగించాను. దానికి వేరే చర్చ తెరవండి. ఇది గోస్తని గారి ప్రశ్న.

గోస్తని | మంగళవారం, రాత్రి 9:30

అందరికీ నమస్కారం. వారంగా ఆసుపత్రుల చుట్టూ తిరుగుతూ రాయలేకపోయాను, చదువుతూనే ఉన్నాను.

కొలనోస్కోపీ అయింది. పెద్ద పేగు ఎడమవైపు కింద, సిగ్మాయిడ్ అంటారట, అక్కడ గడ్డ దొరికింది. స్లైడ్ చెప్పింది చెప్పినట్టే. డాక్టరు స్క్రీన్ మీద చూపిస్తుంటే నాకు ఆ గోధుమరంగు కేంద్రకాలే గుర్తొచ్చాయి. మామయ్యకి పంచాంగం ముక్క చెప్పాను. "అంటే లివర్‌లో కూర్చుని పేగు పంచాంగం చదువుతోందన్నమాట" అన్నారు. నెల తర్వాత అదే మొదటిసారి ఆయన నవ్వడం.

ఇప్పుడు ఆ లివర్ ముక్క మీద ఇంకేవో పరీక్షలు కావాలన్నారు. బ్లాక్ తెచ్చి వేరే ల్యాబ్‌లో ఇమ్మన్నారు. కేరాస్, ఎన్రాస్, బీరాఫ్, ఇంకోటి ఎంఎస్‌ఐ. ఇవి కూడా ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లేనా?

గాజుపలక | మంగళవారం, రాత్రి 10:15

దొరకడం మంచిదైంది గోస్తని గారూ. ఎక్కడ మొదలైందో తెలిశాక మందు ఎంచుకోవడం తేలికవుతుంది.

కాదు, అవి ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు కావు. కేరాస్, ఎన్రాస్, బీరాఫ్ కణం పైపొర దగ్గర నుంచి కేంద్రకానికి కబురు మోసే బంట్లు. అవి పాడయ్యాయో లేదో చూసి కొన్ని మందులు పనిచేస్తాయా లేదా తేలుస్తారు. ఎంఎస్‌ఐ అంటే డీఎన్ఏ అచ్చుతప్పులు దిద్దే వ్యవస్థ బాగుందా అని. అది బాగోలేకపోతే ఇమ్యూనోథెరపీ బాగా పనిచేసే అవకాశం ఉంది. ఇంకోటి కూడా అడగండి. లివర్‌లో మూడే మచ్చలు అంటున్నారు కాబట్టి వాటిని ఆపరేషన్‌తో తీసే వీలుందా అని లివర్ సర్జన్ స్కాన్ చూడాలి. అందరికీ కుదరదు, కొందరికి కుదురుతుంది. అడగకపోతే ఎవరూ చెప్పకపోవచ్చు.

గోస్తని | మంగళవారం, రాత్రి 10:40

తప్పకుండా అడుగుతాను మేడమ్. బ్లాక్ తీసుకున్నాను. చిన్న ప్లాస్టిక్ పెట్టెలో మైనం ముక్క, మధ్యలో దారప్పోగు లాంటిది. ఇంతదాంట్లో ఇన్ని పరీక్షలా అనిపించింది. రేపు కారులో విశాఖ తీసుకెళ్తున్నాను. ఐస్‌లో పెట్టాలా?

గాజుపలక | మంగళవారం, రాత్రి 10:44

ఐస్ అక్కర్లేదు, మామూలు గదిలో ఉన్నట్టు ఉంటే చాలు. డాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి, ఎండకి మైనం కరుగుతుంది. పెట్టె మీద రాసిన నంబరు, రిపోర్టులో నంబరు ఒకటేనా చూసుకుని బయల్దేరండి.